యంత్రమునకు మన పలుకు



పొరుగింటినుండి చేటెడు బియ్యము బదులు తెచ్చుకొనవలసివచ్చినను గడపవద్ద నిలిచి యడిగి తెచ్చుకొనుట మన యిండ్లలోని మర్యాద. ఇల్లాలు లేదని యనదు. అయినను అడుగకుండ కుండలో చేయి పెట్టినవారిని ఆమె మన్నింపదు. ఈ మాసమున మేము చెప్పబూనిన విషయము పెద్ద కంపెనీలకును, శాసనములకును, న్యాయస్థానములకును సంబంధించినదే యైనను, దాని మూలము ఈ చిన్న మర్యాదలోనే యున్నదని మా యభిప్రాయము.

కృత్రిమ మేధయను మాట నేడు వినని యిల్లు లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుట, ఉత్తరము కూర్చుట, బొమ్మ గీయుట, మనుష్య కంఠముతో మాటాడుట మొదలగు పనులు చేయు యంత్రములు చేతిలోని సెల్‌ఫోనులోనికే వచ్చినవి. ఇవి తమంతట తాము ఏమియు నెరుగవు. కోట్లకొలది పుటల వ్రాతలను, లెక్కకు మిక్కిలియైన బొమ్మలను, కంఠధ్వనులను వానికి ముందుగా చూపియు వినిపించియు, ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో, ఏ ధ్వనికి ఏ యక్షరము సరిపడునో ఊహించు నేర్పును వానియందు కలుగజేయుదురు. దీనినే శిక్షణమందురు. ఆ వ్రాతలును, ఆ బొమ్మలును, ఆ కంఠములును ఆకాశమునుండి ఊడిపడినవి కావు. అవి మనవంటివారివే.

ఇంగ్లీషు వ్రాతలు లోకమున కుప్పతెప్పలుగా నున్నవి. తెలుగు వ్రాతలు అంతకంటె ఎంతో తక్కువ. ఆ తక్కువలోను అచ్చుపుస్తకముల భాషయే యధికము గాని, శ్రీకాకుళము, విజయనగరము పల్లెలలో అత్తాకోడండ్రు మాటాడుకొను భాష మిగుల స్వల్పము. ఏమిటి యనుటకు ‘ఏటి’ యనియు, త్వరగా యనుటకు ‘బేగి’ యనియు, పిల్లలను ‘గుంట’లనియు పలుకు మన నుడికారమును యంత్రము పుస్తకములలో వెదకి నేర్చుకొనజాలదు. మన నోటినుండియే వినవలయును.

అట్లు వినుట ఇదివరకే ప్రారంభమైనది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు, దాని యనుబంధ సంస్థయైన ఆర్ట్‌పార్కును, గూగుల్ కంపెనీవారి సహాయముతో ‘వాణి’ యను పేర నొక కార్యమును చేపట్టినవి. 2022లో ఇది ప్రకటితమైనది. దేశమందలి 773 జిల్లాలనుండి సుమారు 10 లక్షల మంది పలుకులను, 1,50,000 గంటలకు మించి సేకరింపవలెనని వారి సంకల్పము. వ్రాసియుంచిన వాక్యమును చదివింపక, ఒక బొమ్మను చూపి, దానిని గూర్చి తోచినట్లు మాటాడుమని కోరుట వారి పద్ధతి. అట్లు కూడబెట్టిన ధ్వనులను ఎవరైనను తీసికొని వాడుకొనుటకు వీలుగా బహిరంగముగా నుంచుచున్నారు. ఆంధ్రప్రదేశమున ఈ సేకరణ జరిగిన జిల్లాలలో మన శ్రీకాకుళమొకటి.

దీనిని కీడని మేమనము. రేపు వైద్యశాలలోనో, బ్యాంకులోనో, ప్రభుత్వ కార్యాలయములోనో మనుష్యునికి బదులు యంత్రమే మొదటి మాట యడుగు దినములు వచ్చుచున్నవి. ఆ యంత్రము పుస్తకభాషను మాత్రమే యెరిగినదైనచో, మందసలోని ముదుసలి తన నొప్పిని చెప్పుకొనలేదు. పలాసలో జీడిపప్పు ఒలిచి జీవించు స్త్రీ తన కూలిలెక్కను అడిగి తెలిసికొనలేదు. మన పలుకు యంత్రమునకు తెలియకపోవుటయు ఒక నష్టమే. కావున ఈయవలెనా, మానవలెనా యనునది మా ప్రశ్న గాదు. ఎట్లు ఈయవలెను, ఎట్లు పుచ్చుకొనవలెను అనునదే మా ప్రశ్న.

ప్రజలనుండి వివరములు సేకరించుట మన సీమకు క్రొత్త గాదు. విజయనగర మహారాజగు ఆనంద గజపతివారు కన్యాశుల్క దురాచారమును విచారింపబూని, నాటి విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లకాలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో జరిగిన శుల్కవివాహముల పట్టికను తయారు చేయించిరి. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కమునకు వ్రాసిన యింగ్లీషు పీఠికలో దాని లెక్కలను తెల్పిరి. పట్టికకెక్కిన వివాహములు 1,034. వధువులలో అయిదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. సొమ్ము పుచ్చుకొంటిమని ఒప్పుకొనుటకు జనులు వెనుదీయుటచే ఆ పట్టిక సమగ్రము కాదనియు వారే చెప్పిరి. ఆ ముగ్గురు శిశువుల పేర్లు మనకు తెలియవు. తెలియనక్కరలేదు. పేరులేని యంకెలే లోకుల కన్నులు తెరపించుటకు చాలినవి.

శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటినుండి వారి భాషను నేర్చుకొనిరి. గ్రంథమే లేని భాషకు 1931లో వ్యాకరణమును, పిమ్మట నిఘంటువును వెలువరించిరి. అంతటితో ఆగక సవర పిల్లలకు వాచకములు వ్రాసి, బడులు పెట్టించి చదువు చెప్పించిరి. వారివద్ద తీసికొన్నదానిని వారికే విద్యారూపమున తిరిగి యిచ్చిరి. సేకరణమున్నచో ఇట్టిదియై యుండవలెనని చెప్పుటకు మనకు పరదేశపు దృష్టాంతమక్కరలేదు.

అట్లయిన నేటి యంత్రములయెడ శంకయేల? కారణములు మూడు.

మొదటిది, యంత్రము అంకెను గాక మాటను మాటగానే మ్రింగును. చూచినదానిలో కొంత భాగము దానియందు ఉన్నదున్నట్లుగా నిలిచిపోవును. 2021లో ప్రకటితమైన యొక పరిశోధనలో విద్వాంసులు జీపీటీ-2 యను భాషాయంత్రమును పదేపదే కదిపి, అది శిక్షణలో చూచిన పేర్లను, చిరునామాలను, టెలిఫోను సంఖ్యలను తూచా తప్పకుండ దానిచేతనే చెప్పించిరి. అట్టివానిని అరికట్టుటకు నిర్మాతలు పాటుపడుచున్నారు గాని, ఆ యపాయము నిశ్శేషముగా తొలగినదని చెప్పరాదు.

రెండవది, కంఠమును ముఖమును మనుష్యుని గుర్తుపట్టు ఆనవాళ్లు. పేరు తీసివేసినను గొంతు గొంతే. తల్లి గొంతును బిడ్డ చీకటిలోనైనను పోల్చుకొనును. కొద్దిపాటి ధ్వని దొరికిన చాలును, దానిని అనుకరించి మాటాడు యంత్రములు వచ్చినవి. కన్నబిడ్డయే ఆపదలో నుండి పిలిచినట్లు నమ్మించి సొమ్ము కాజేయువారును బయలుదేరినారు. బహిరంగముగా నుంచిన ధ్వని మంచివారికెట్లో చెడ్డవారికిని అట్లే చేరువ.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. పొందూరులో వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, ఏకులు చేసి, సన్నని నూలు వడకు స్త్రీలను మనమెరుగుదుము. నూలు చిలపగా నున్నంతవరకు ‘ఇది నాది, తిరిగి యిమ్ము’ అని యడుగవచ్చును. మగ్గమెక్కి బట్టయైన పిమ్మట నా పోగును మాత్రము లాగి యిమ్మన్నచో నేతగాడేమి చేయును? యంత్రము సంగతి ఇంతకంటె కష్టము. బట్టలో పోగు కంటికైనను కనబడును. శిక్షణ పొందిన యంత్రములో ఎవరి మాట ఎచ్చట కలిసినదో దానిని చేసినవారే చూపజాలరు. నిశ్చయముగా తీసివేయుటకు త్రోవ, ఆ మాటను మినహాయించి మొదటినుండి మరల శిక్షణమిచ్చుటయే. దానికగు వ్యయము అపారము. నేర్చినదానిని మరపించు ఉపాయములను పండితులు వెదకుచున్నారు గాని, అవి ఇంకను పూర్తిగా నమ్మదగిన స్థితికి రాలేదు.

ఇక శాసనమేమనుచున్నదో చూతము. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన కె. ఎస్. పుట్టస్వామిగారు తెచ్చిన వ్యాజ్యమున, సర్వోన్నత న్యాయస్థానమందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగష్టు 24వ తేదీన ఏకకంఠముగా, వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుని మౌలికమైన హక్కని తీర్పు చెప్పిరి. ఆరేండ్లకు, 2023 ఆగష్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు ఒక చట్టమును చేసినది. దీనియందు మన చదువరులకు ముచ్చట గొల్పు విశేషమొకటి కలదు. శాసనములలో మనుష్యుడనుటకు ‘అతడు’ అని వ్రాయుట ఆచారము కాగా, ఈ చట్టము పౌరుని గూర్చి ‘ఆమె’ యని వ్రాసి, ఆ మాటలో పురుషులును చేరుదురని నిర్వచించినది.

‘ఆమె’కు ఈ చట్టమిచ్చిన హక్కులు స్వల్పములు కావు. ఆమె సమ్మతి బలవంతము లేనిదిగాను, ఏ పనికో స్పష్టముగా తెలిసి యిచ్చినదిగాను ఉండవలెను. ఏమి తీసికొనుచున్నారో, ఎందులకు తీసికొనుచున్నారో తెల్పు ప్రకటనను ఇంగ్లీషులోనే గాక రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అనగా తెలుగులోను, కోరి చదువుకొనవచ్చును. సమ్మతి నిచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెను. సమ్మతిపై ఇచ్చిన వివరములను దిద్దుమనియు తుడిచివేయుమనియు కోరవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డల విషయమున తలిదండ్రుల సమ్మతి కావలెను. వివరములను భద్రపరుపజాలని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఈ చట్టమునకు నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్యమైన బాధ్యతలు అమలులోనికి వచ్చుటకు ఆనాటినుండి పదునెనిమిది నెలల గడువు పెట్టిరి.

చూచుటకు అంతయు చక్కగా నున్నది. కాని శాసనమును మగ్గమును ఎదురెదురుగా నిలిపి చూచిన చిక్కులు బయటపడును.

తుడిచివేయుమను హక్కు చిలపకు చెల్లును, బట్టకెట్లు చెల్లును? సంస్థ తన పెట్టెలోనున్న ధ్వనిని తీసివేసి ‘తుడిచితిమి’ అనవచ్చును. ఆ ధ్వనిని విని నేర్చిన యంత్రము మాత్రము నేర్చిన నేర్పుతోనే యుండును. అది తుడుపగునా, కాదా యని చట్టము విప్పి చెప్పలేదు.

తనంతట తాను బహిరంగపరచుకొన్న వివరములకు ఈ చట్టము వర్తింపదని మరియొక నిబంధన. ఒకామె తన యభిప్రాయములను వ్రాయుచు తన వివరములను లోకమునకు వెల్లడించుకొన్నచో వానికి రక్షణ లేదని చట్టమే దృష్టాంతముగా చెప్పినది. మంచిది. కాని పెండ్లిలో తీసిన చిత్రమును మేనత్త కూతురు లోకమున పెట్టినచో, అందున్న పదిమంది స్త్రీలు తమంతట తాము పెట్టినవారు కారు గదా! వల వేసి సమస్తమును తోడుకొనిపోవు యంత్రమునకు ఏ బొమ్మ ఎవరు పెట్టినదో యెట్లు తెలియును?

పరిశోధనకొరకును, గణాంకములకొరకును వాడుకొన్నచో, ఒక వ్యక్తిని గూర్చి నిర్ణయము చేయుటకు వాడనంతవరకు, కొన్ని ప్రమాణములకు లోబడి మినహాయింపు కలదని ఇంకొక నిబంధన. విద్యాలయము పరిశోధనకై కూర్చి బహిరంగముగా నుంచినదానిని వర్తకుడు తీసికొని యంత్రమునకు నేర్పినచో, పరిశోధన ఎచ్చట ముగిసినది, వ్యాపారమెచ్చట మొదలైనది?

ఈ చిక్కులు మనకే గాదు. ఇటలీ దేశపు గోప్యతా రక్షణాధికారులు 2023 మార్చి 30న చాట్‌జీపీటీని తమ దేశమున నిలిపివేయుటకు ఉత్తరువు చేసిరి. దానిని నడపు కంపెనీ, ప్రజలకు వివరము తెలుపుటకును, శిక్షణకు తమ సంగతులు వాడవద్దని కోరుకొనుటకును వీలు కల్పింపగా, ఏప్రిలు 28న అది మరల ప్రారంభమైనది. ఫేస్‌బుక్కు నడపు మెటా కంపెనీ ఐరోపా సమాఖ్యలో పెద్దలు బహిరంగముగా వ్రాసిన వ్రాతలతో 2025 మే 27 నుండి యంత్రమునకు శిక్షణ నీయబూనినపుడు, వద్దనువారు ఆక్షేపణ పత్రము పంపుకొనుటకు అవకాశమీయవలసివచ్చినది. శాసనము గట్టిగా అడిగినంతమాత్రమున యంత్రములు మూలబడలేదని ఇందువలన తెలియుచున్నది.

యంత్రనిర్మాతల వాదమునకును చెవియొగ్గుట న్యాయము. ‘ప్రతివారిని అడుగుచు కూర్చుండిన పని సాగదు, అడుగకముందే సమస్తమును పోగుచేసికొన్న పెద్ద భాషలు ముందునకు పోవును, ఆలస్యముగా వచ్చిన తెలుగువంటి భాషలు వెనుకబడును’ అని వారందురు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. కాని మన యాస విషయమున ఇది తలక్రిందైన వాదము. లేని వ్రాతలను వల వేసి తోడుకొనుట ఎవరి తరమును గాదు. బొమ్మ చూపి, మనిషిని మాటాడించి పట్టుకొనుటయే గతి. మనిషి యెదుటికి రానే వచ్చినవారికి, మరి నాలుగు మాటలు విప్పి చెప్పి అడుగుట యేమి బరువు? కావున చిన్న భాషలకు సమ్మతి అడ్డుగోడ కాదు. నమ్మకము కుదిరిననాడే జనులు నోరు విప్పుదురు. నోరు విప్పిననాడే యంత్రమునకు మన పలుకబ్బును.

మగ్గమెక్కిన పోగును తీయరాదు గావున, జాగ్రత్తయంతయు మగ్గమెక్కకముందే పడవలయునని మా నిశ్చితాభిప్రాయము. సేకరించు సంస్థలు తమ ప్రకటనను తెలుగులో, చదువురాని వారికి చదివి వినిపించి, అర్థమైనదని తెలిసిన పిమ్మటనే సమ్మతి పుచ్చుకొనవలెను. ఇచ్చినవారు మనసు మార్చుకొనుటకు కొంత గడువుంచి, ఆ గడువు తీరిన పిదపనే యంత్రమునకు నేర్పవలెను. ఎవరి ధ్వని ఏ మూటలో నున్నదో గుర్తుంచి, వద్దన్నవారి దానిని తరువాతి శిక్షణమునుండియైనను తొలగింపవలెను. గిడుగువారివలె, తీసికొన్న ప్రజకే ఫలమును తిరిగి చేర్చవలెను. మన మాటలతో నేర్చిన యంత్రము మన పల్లె వైద్యశాలకు రాక, దూరదేశపు వర్తకునికే యుపకరించినచో, అది గజపతివారి పట్టికవంటిదియు గాదు, గిడుగువారి నిఘంటువువంటిదియు గాదు.

శాసనములు సంస్థలను దిద్దుకొనునుగాక, మన యింటిలో మనము దిద్దుకొనదగినవియు కొన్ని కలవు. 2025 సెప్టెంబరులో, తమ ఛాయాచిత్రమును గూగుల్‌వారి జెమినై యంత్రమునకిచ్చి, పాతకాలపు సినిమాతారవలె చీరకట్టుతో బొమ్మ చేయించుకొను వేడుక దేశమంతట వ్యాపించినది. వేడుక తప్పు గాదు. మన చిత్రమును మనమిచ్చుకొనవచ్చును. కాని పక్కన నిలిచిన తోడికోడలి చిత్రమును ఆమెను అడిగియే యీయవలెను. బిడ్డల చిత్రములను, బడి పేరును, పుట్టిన తేదీని లోకమునకు వెల్లడింపకుండుట మేలు. ఆ బిడ్డ పెరిగి ‘నన్నడిగితివా’ యన్నచో తల్లివద్ద జవాబుండవలెను గదా. రోగముల సంగతులు, కాపురములోని కలతలు, ఆధార్ సంఖ్య, బ్యాంకు లెక్క యంత్రముతో చెప్పుకొనకముందు, అందరిముందు చెప్పదగినదా యని యొక్కసారి తలంపుడు. మన సంభాషణలను శిక్షణకు వాడవద్దని చెప్పుటకు చాట్‌జీపీటీ వంటివానిలో ఏర్పాటు కలదు. చదువుకొన్న కుమార్తెచేతనో కోడలిచేతనో దానిని సరిచేయించుకొనుట సులభము.

పొదుపు సంఘములకు ఇంకొక మాట. కంఠమో, చిత్రమో, కుటుంబ వివరములో అడుగుచు ఎవరైనను వచ్చినచో సంఘ నాయకురాలు అందరి తరపున సరేయనరాదు. సమ్మతి ఎవరిది వారిదే. వచ్చినవారిని అయిదు ప్రశ్నలడుగుడు: మీరెవరి తరపున వచ్చితిరి? మా పలుకును దేనికి వాడుదురు? దానిని ఎవరెవరికి ఇత్తురు? వద్దనుకొన్న ఎవరికి, ఏ రీతిని చెప్పుకొనవలెను? చెప్పినపిమ్మట యంత్రము నేర్చినదానిని ఏమి చేయుదురు? అయిదవదానికి వారు తడుముకొన్నను తడుముకొందురు. తడుముకొనుటయే నిజాయితీ గల జవాబు. అన్నియు తుడిచివేయుదుమని చటుక్కున చెప్పినవారినే మరికొంత నిలదీయుడు.

మన పలుకు లోకమున నిలువవలెనని మేము కోరుదుము. యంత్రము సైతము ‘బేగి రండి’ యని మన నుడికారమున పిలుచు దినము వచ్చిన సంతసింతుము. అయితే ఆ పిలుపు దొంగిలిన గొంతుతో గాక, అడిగి పుచ్చుకొన్న గొంతుతో వినబడవలెను. శాసనము ‘ఆమె’ యని వ్రాసినది. ఆ ‘ఆమె’ తామేయని మన సోదరీమణులు గ్రహించి, ఇచ్చుటకును, వలదనుటకును తమకు గల యధికారమును ఎరిగి మెలగుదురని ఆశించుచున్నాము.